మనిషికి ఒక దోనె

కౌముదీపుర రాజసౌధం పైమేడ మీద యువరాజు మేఘకేతు దానిమ్మపండు ఒలుస్తున్నాడు. ఒలిచిన గింజలు మదయంతి అరచేతిలోకి వెళ్తున్నాయి. ఎలా వస్తున్నాయో గాని, వాటిలో సగం మళ్ళీ అతని నోట్లోకే వస్తున్నాయి. పెళ్ళి పదహారు రోజుల పండుగ ఇంకా ముగియలేదు. సరిగ్గా అప్పుడే నీలవేణి నది దాటి వచ్చిన వార్తాహరుడు మెట్లెక్కి, చేతులు జోడించి శుభవార్త వినిపించాడు. తుమ్మెదలంకలో సారా శాసనం అక్షరం పొల్లుపోకుండా అమలవుతున్నదట.

మదయంతి ఒక్క ఉదుటున లేచింది. గింజలు పాలరాతి మీద కెంపుల్లా దొర్లాయి. ఆ శాసనం నిలవదని మంత్రులందరూ పందెం కట్టింది తుమ్మెదలంకను చూసే. ఉగ్గుగిన్నె వదిలిన చెయ్యి అక్కడ సారా పట్టుకుంటుందని సామెత.

శాసనం వాళ్ళిద్దరి బిడ్డ. మదయంతి రాజవైద్యుడి కూతురు. సారాకు పొట్టలు ఉబ్బినవాళ్ళనూ, మత్తులో పడవ మీంచి జారి శవాలై తేలినవాళ్ళనూ, తండ్రి దెబ్బలకు చెవులు పోయిన పిల్లలనూ చూస్తూ పెరిగింది. మేఘకేతు తాతగారు సారాను పూర్తిగా నిషేధిస్తే బట్టీలు అడవుల్లోకి పారిపోయాయి, ఉమ్మెత్తగింజలు కలిపిన సరుకు తాగి ఊళ్ళకు ఊళ్ళు చూపు పోగొట్టుకున్నాయి. తండ్రిగారు నిషేధం ఎత్తేస్తే ప్రతి రేవు మెట్టు మీదా ఒక కొట్టు వెలిసింది. పెళ్ళిమాటలు ఇంకా పుట్టకముందే వైద్యశాల అరుగు మీద వాదించుకుంటూ, ఆ వాదనల్లోనే ఒకరినొకరు ఇష్టపడుతూ, వీళ్ళిద్దరూ మధ్యదారి ఒకటి అల్లారు. సంధ్యదీపం పెట్టేలోగా కొట్లు మూసేయాలి. రేవుల దగ్గర అమ్మకూడదు. మీసాలు రాని కుర్రవాళ్ళకు పోయకూడదు. కొట్టు మీద రంగుజెండా ఎగరకూడదు. సుంకం రెట్టింపు, ఆ సుంకంతో మానాలనుకునేవాళ్ళకు వైద్యం. అన్నిటికీ మించి, మనిషికి రోజుకు ఒక దొన్నె, అంటే ఆకులు కుట్టిన చిన్న గిన్నెడు. ముసలి మంత్రి నవ్వి, ఇది అటు ఉపవాసమూ కాదు, ఇటు విందూ కాదన్నాడు.

వార్తాహరుడు ఉత్సాహంగా ఇంకా చెప్పుకుపోయాడు. లంకజనం రాజుగారి పేరు చెప్పి దీపాలు పెడుతున్నారట, ఒక శాసనాన్ని ఇంతలా ముద్దుచేసే ప్రజలను అతను ఎక్కడా చూడలేదట. మదయంతి ముఖంలో నవ్వు అక్కడ ఆగిపోయింది.

"చేదు మందును లొట్టలేసుకుంటూ తాగే రోగిని మా నాన్నగారు నమ్మరు" అంది మెల్లగా. "ఇంకేం చూశావు అక్కడ?"

అతను తల గోక్కుని, పెద్ద విషయం కాదంటూనే ఒక ముచ్చట చెప్పాడు. నగరంలో పూలమ్మే ఆవిడ అన్నగారిని చూడటానికి లంకకు వెళ్ళిందట. అన్నగారు మర్యాదగా పీట వేసి, మంచినీళ్ళిచ్చి, ఏ ఊరమ్మా మీది అని అడిగాడట. హాస్యమాడాడనుకుని ఆవిడ నవ్విందట. ఆయన నవ్వలేదట.

ఆ పూటే ప్రయాణం నిశ్చయమైంది. సైనికులు వెళ్తే లంక నోరు మూసుకుంటుంది కనుక మారువేషంలో ఒక్కడే వెళ్ళాలి. సభలో మంత్రులకు జవాబు చెప్పడానికి మదయంతి నిలవాలి. పడవలకు గుగ్గిలం పూసే పనివాడి వేషం ఆమే వేసింది. అంటించిన గడ్డం ఒకవైపు ఊడి వేలాడితే కడుపు పట్టుకుని నవ్వి, మళ్ళీ అంటించి, ఆ తర్వాత రేవు దాకా వచ్చింది. పడవ వంపు తిరిగేదాకా మెట్టు మీదే నిలబడి ఉంది.

నీలవేణి ఆ వేళ అద్దకం పట్టుచీర పరిచినట్టు ఉంది. ఒడ్డున మొగలిపొదలు పసిడి మొలకలెత్తాయి. నీటికి వంగిన వెదురు కొమ్మల నుంచి గిజిగాడి గూళ్ళు జూకాల్లా వేలాడుతున్నాయి. ఒక లకుముకిపిట్ట నీలిరంగు రవ్వలా రాలి, చేపతో లేచింది. "చూశావా" అంటూ మేఘకేతు పక్కకు తిరిగాడు. పక్కన గుగ్గిలం కుండ తప్ప ఎవరూ లేరు. కొంతదూరం పోయాక తల్లితాబేలు వీపు మీద పిల్లతాబేలు ఎండ కాచుకుంటూ కనిపించింది. మళ్ళీ తిరిగాడు, మళ్ళీ కుండే. ఇన్నేళ్ళూ ఒంటరిగానే వేటలకు వెళ్ళి వచ్చాడు, ఒక్కనాడూ పడవ ఇంత ఖాళీగా అనిపించలేదు. చూసిన అందాన్ని చెప్పుకోవడానికి మనిషి లేకపోతే అది బరువవుతుందని అతనికి ఆ నది మీద తెలిసింది.

లంక కనుచూపు మేరకు వచ్చేసరికి నీళ్ళు గుండ్రంగా తిరగసాగాయి. చూస్తుండగానే సుడి గరిటె తిప్పిన పాకంలా చిక్కబడి, నడుమ బావిలా గుంట పడింది. ఆ గుంటలోంచి ఒక మొసలి తల లేచింది. దాని కళ్ళు కొలిమి నిప్పుల్లా ఉన్నాయి, దవడల మధ్య నుంచి పొగ వస్తున్నది. పడవ ముక్కు కరకరలాడింది. మేఘకేతు తెడ్డును దాని నోట్లో నిలువునా దూర్చాడు. తెడ్డు చెరకుగడలా విరిగింది. రెండోసారి నోరు తెరిచేలోగా గుగ్గిలం కుండ ఎత్తి, జిగట సరుకంతా ఆ దవడల మధ్య కుమ్మరించాడు. మొసలి కసుక్కున మూసిన నోరు మళ్ళీ తెరుచుకోలేదు. అది పిచ్చెత్తినట్టు తోక కొడుతూ లంక వైపు పరిగెత్తింది. మునుగుతున్న పడవ వదిలి మేఘకేతు ఆ తోకనే కరుచుకున్నాడు. సుడి దాటింది, రాళ్ళు దాటాయి, మోకాళ్ళు చీరుకుపోయాయి. ఇసుక తగలగానే పట్టు వదిలి, దగ్గుతూ, అరగడ్డంతో ఒడ్డున పడ్డాడు.

లేచి చూసినప్పుడు మొదట అతనికి అర్థం కాలేదు. తాటాకు ఇళ్ళు, పూసిన ఇప్పచెట్లు, పూల మీద జుమ్మనే తుమ్మెదలు, అంతా ముచ్చటగానే ఉంది. మనుషుల చప్పుడే లేదు. ప్రతి ఇంటి ముందూ తాటిమాను తొలిచి చేసిన దోనె ఒకటి నేల మీదికి లాగి ఉంది. చేపలు పట్టడానికి పోవాల్సిన ఆ పడవల్లో అంచుల దాకా పచ్చటి సారా నిండి ఉంది. ప్రతి దోనె పక్కనా ఒక మనిషి. వాళ్ళు కొట్టుకోవడం లేదు, పాడుకోవడం లేదు, పక్కవాడి వంక చూడటం కూడా లేదు. ఒక గుమ్మంలో పసిపిల్ల ఏడుస్తుంటే తండ్రి తల తిప్పి, ఎవరి పిల్లో పాపం అన్నట్టు చూసి, మళ్ళీ దోనెలో చెయ్యి ముంచాడు.

ఒక్క ఇంట్లోనే పొయ్యి పొగ లేస్తున్నది. అది సింగారమ్మ పూటకూళ్ళ ఇల్లు. చేపల పులుసు వాసనకు మేఘకేతు కాళ్ళు అటే నడిచాయి. అతన్ని కూర్చోబెట్టి ఆమె విస్తరి వేసింది. పక్క విస్తరి ముందు ఒక నడివయసు మనిషి వచ్చి కూర్చున్నాడు. ముల్లు కూడా మిగల్చకుండా తిని, చెయ్యి కడుక్కుని, ఎంతో మర్యాదగా అన్నాడు.

"మంచి వంటసెయ్యి తల్లీ నీది. నీ పెనిమిటెవరో గాని అదురుష్టవంతుడు."

"అవును బాబూ, అదురుష్టవంతుడే" అంది సింగారమ్మ.

అతను వెళ్ళిపోయాక ఆమె ఆ విస్తరి తీసి పారేస్తూ, ఆయనే తన మొగుడు అప్పలసామి అని చెప్పింది. రోజూ వస్తాడు, రోజూ ఆ మాటే అంటాడు. మొదట్లో ఏడ్చిందట. ఇప్పుడు ఆ మాట కోసమే పులుసులో మెంతిపొడి కాస్త ఎక్కువ వేస్తున్నదట. బతికున్న మొగుడికి పూటకూళ్ళదాన్నయ్యానంటూ నవ్వబోయి, గరిటె పట్టుకుని అటు తిరిగింది.

ఇదంతా ఎలా జరిగిందని మేఘకేతు అడిగాడు.

"సాటింపోడి నోటెంట జరిగింది" అంది ఆమె. "ఆడు పైఊళ్ళోడు. డప్పు దెబ్బకి తగ్గట్టు మాటని సాగదీత్తాడు. రేవులో నిలబడి 'మనిసికి ఒక దోఓనె' అన్నాడు. లంకోళ్ళం కదా బాబూ, దోనంటే మాకు పడవే. ఎంత మంచి రాజో అని మావోళ్ళు దణ్ణాలెట్టి, దోనెలన్నీ ఒడ్డుకి లాగేసుకున్నారు."

మేఘకేతు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అరుగు మీద కూర్చుని ఎన్ని రోజులు వాదించుకున్నారు. ఒక దొన్నెనా, రెండా అని మదయంతి ఎంత పోట్లాడింది. వాడుక తెలియనివాడు ఒకడు ఒక్క దీర్ఘం తీసేసరికి ఆ శాసనమే ఊరిని ముంచింది. మిగతా నియమాలన్నీ లంకలో చక్కగా జరుగుతున్నాయి. కొట్టు సంధ్యకే మూస్తున్నారు, ఎందుకంటే ఎవరి దోనె వాళ్ళ ఇంటి ముందే ఉంది. జెండా దించేశారు, ఇక దాని అవసరం లేదు కనుక.

మిగిలింది కూడా సింగారమ్మ చెప్పింది. సారా పోసేవాడు ధూమ్రజిహ్వుడనే మాంత్రికుడు. లంక నడుమనున్న కాకిగుట్ట గుహలో వాడి బట్టీ ఉంది. వాడి సరుకులో ఒక గుణముంది. దొన్నెడు తాగితే తాగినవాడి మనసులోంచి ఒక మనిషి ముఖం ఆవిరై పోతుంది. ఆ ముఖాలన్నిటినీ వాడు గుహలో ఒక గాజుకాగులో పట్టి దాచుకుంటాడు. అంతకుముందు వాడు చాటుమాటుగా బొట్లు బొట్లుగా అమ్ముకునేవాడు. రాజు మాట ఎంత కొలత ఇస్తే వాడి మంత్రం అంతే పారుతుంది. దోనె అని చాటింపు పడ్డాక వాడికి అడ్డులేకుండా పోయింది.

"ముందు ఎవరి ముఖం పోతుంది?" అని అడిగాడు మేఘకేతు.

"తియ్యగా ఉన్నోళ్ళది" అంది ఆమె. "మా ఆయన మొదటి దొన్నెకే నన్ను మరిసిపోయాడు. ఆళ్ళ అన్నదమ్ములు పదో దొన్నె దాకా ఉన్నారు."

చెబుతున్నప్పుడు ఆ మాటలో ఒక రవ్వంత గర్వం తొంగిచూసింది. అది ఆమెకే తెలియలేదు.

ఇంతలో కొమ్ము ఊదారు. పొద్దు వాలుతున్నది, దోనెలు నింపే వేళ. కాకిగుట్ట మీంచి పిల్లకాలువలో ఒక నల్లటి నావ దిగి వచ్చింది. దాని ముందు కొయ్యకు పాము పడగ చెక్కి ఉంది, అంచుల వెంట పుర్రెల్లో ధూపం రగులుతున్నది. ధూమ్రజిహ్వుడు సింహాసనంలాంటి జాడీ మీద కూర్చున్నాడు. తుమ్మబంక రంగు ఒళ్ళు, మెడలో ఎండిన గబ్బిలాల దండ. మాట్లాడినప్పుడు నాలుక కనిపించదు, పొగే కనిపిస్తుంది. లంకవాళ్ళు ఒకరికొకరు తగలకుండా ఎడం ఎడంగా నిలబడ్డారు.

మేఘకేతు పరుగున వెళ్ళి రేవురాయి ఎక్కాడు. శాసనంలో ఉన్నది దోనె కాదనీ, దొన్నె అనీ గట్టిగా చెప్పాడు. ఎవరూ కదలలేదు. ఎవరివి నువ్వు అన్నట్టు చూశారు. ముందు వరసలో ఉన్న అప్పలసామే శాంతంగా జవాబిచ్చాడు.

"తొలి దొన్నె ముట్టనోడి మాట లంకలో నీటి మీద రాత బాబూ. ముందు మా సారా పుచ్చుకో. అప్పుడు నువ్వు మావోడివి, అప్పుడు సెప్పు."

అది లంక ఆచారం. కొత్తగా అడుగుపెట్టినవాడు ఊరి సారా ఒక్క దొన్నె తాగితేనే ఊళ్ళో మనిషి. ఊరు ఉన్నప్పటి నుంచీ ఉన్న మర్యాద అది. అందరినీ మరిచిపోయినా దాన్ని మాత్రం వాళ్ళు మరవలేదు.

ధూమ్రజిహ్వుడు పకపక నవ్వి, అడ్డాకుల దొన్నె ఒకటి స్వయంగా ముంచి పట్టుకొచ్చాడు. ముఖంలోకి పరీక్షగా చూసి, గడ్డం సగమే ఉన్న యువరాజుకు స్వాగతం అన్నాడు. మొదటిది తాగి రెండోది అడగకుండా వెళ్ళినవాణ్ణి ఇంతవరకు చూడలేదని కూడా చెప్పాడు. ఒడ్డున ఒక ఖాళీ పడవ కట్టి ఉంది. కట్టు విప్పితే పొద్దు పూర్తిగా గుంకేలోగా మేఘకేతు సుడి దాటిపోగలడు. దాటి, పైమేడకు చేరి, దానిమ్మపండు ఒలుచుకోగలడు. ఆ గుమ్మంలో పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది. రేపటికి దాన్ని చూసి జాలిపడేవాడు కూడా ఉండడు.

అతను తన వెంట వచ్చి వెనక నిలబడ్డ సింగారమ్మ వైపు వంగాడు.

"అమ్మా, ఒక పేరు చెప్తాను. నా బదులు మీరు దాచండి. మదయంతి."

"మదయంతి" అని ఆమె పెదవులు కదిపింది.

కళ్ళు మూసుకుంటే మదయంతి రేవుమెట్టు మీద నిలబడి కనిపించింది. ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ, నవ్వు ఆపుకునేటప్పుడు ఎడమకు పోయే పెదవి, అన్నీ ఒక్కసారి చూసుకుని దొన్నె ఎత్తి తాగాడు.

సారా తియ్యగా ఉంది. గొంతు దిగేటప్పుడు వెచ్చగా ఉంది. ఆ తర్వాత గుండెలో ఎవరో దీపం తీసుకుని గదిలోంచి బయటికి నడిచిపోయినట్టయింది. ఎవరు వెళ్ళారో అతనికి తెలియలేదు. కాని గది చీకటిగా ఉంది, చల్లగా ఉంది, చెప్పలేనంత పెద్దగా ఉంది. రెండో దొన్నె ముంచి మాంత్రికుడు ముక్కు దగ్గర పెట్టాడు. ఆ చీకటి నిండాలంటే ఇదొక్కటే మార్గమని ఒంట్లోని ప్రతి నరమూ చెప్పింది. మేఘకేతు చెయ్యి దానంతట అదే లేచింది. దొన్నె అంచు తాకింది. ఈ దుఃఖం దేనికో తెలియదు. తెలియని దుఃఖాన్ని ముంచేయడం ఎంతో తేలిక.

"చాలు" అన్నాడు.

అన్నాక ఆ మాట అతనికే వింతగా వినిపించింది. తాగేసిన ఖాళీ దొన్నెను తలకు పైగా ఎత్తి పట్టుకుని జనం వైపు తిరిగాడు. ఇక గొంతును నమ్మలేదు, కళ్ళకే చూపించాడు. "ఇదీ రాజుగారి కొలత. లంకమనిషిగా చెబుతున్నాను. మనిషికి ఒకటి, ఇదే."

అప్పలసామి ఆ ఆకుగిన్నె వంక చూశాడు, తన దోనె వంక చూశాడు. "ఓస్, దొన్నెనా" అన్నాడు. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి పాకింది. దొన్నెనట, దొన్నెనట అంటూ ఎన్నో రోజుల తర్వాత లంకలో మనిషి మనిషితో మాట్లాడాడు.

కొలత తగ్గేసరికి నల్లనావ చెక్కలు పెళపెళ విరిగాయి. ఇళ్ళ ముందు దోనెల్లోని పచ్చటి సారా తెల్లబారి, బుడగలెత్తి, మామూలు నీళ్ళయిపోయింది. కప్పలు అందులోకి దూకాయి. ధూమ్రజిహ్వుడి కాళ్ళు పొగయ్యాయి, నడుము పొగయింది. వాడు శపించబోయిన శాపం కూడా పొగయి, కాకిగుట్ట వైపు సన్నటి తాడులా సాగుతూ పోయింది.

అయినా పోయిన ముఖాలు తిరిగి రాలేదు. జనం ఒకరినొకరు పరిశీలనగా చూసుకుంటూ, మీది ఏ ఇల్లు, నాది ఏ ఇల్లు అని అడుగుతూ, పొద్దు గుంకేవేళ తప్పిపోయిన పశువుల్లా తిరిగారు. ఏడుస్తున్న పిల్లను సింగారమ్మ చంకనేసుకుంది. మేఘకేతు రేవురాయి మీద కూర్చుని తనవాళ్ళను ఒక్కొక్కరినీ తలుచుకున్నాడు. అమ్మ ఉంది, నాన్నగారు ఉన్నారు, గురువుగారు, గుర్రం, ముసలి మంత్రి ముక్కుపొడి డబ్బీ, అన్నీ ఉన్నాయి. ఏమీ పోలేదు, బతికిపోయానని ఆమెతో అన్నాడు.

సింగారమ్మ చాలాసేపు అతని ముఖంలోకి చూసింది. "మదయంతి" అంది.

మేఘకేతు మర్యాదగా నవ్వాడు. "మల్లెపువ్వుకు పాత పేరు కదమ్మా అది. మా తోటల్లో బోలెడు ఉంటాయి. మీకు కావాలంటే పంపిస్తాను."

ఆమె పిల్లను భుజం మార్చుకుంది. అతను లేచి, చుట్టూ మూగినవాళ్ళకు తన నిర్ణయం తెలియజేశాడు. రేపు తెల్లవారగానే కాకిగుట్ట ఎక్కి, గుహలో దూరి, ఆ గాజుకాగు పగలగొట్టి లంకవాళ్ళ ముఖాలు లంకవాళ్ళకు తెచ్చి ఇస్తాడు. దారి ప్రమాదమైనది కనుక పెళ్ళాం పిల్లలున్నవాళ్ళెవరూ తన వెంట రావద్దన్నాడు. తనకైతే ఆ చింత లేదు, వెనక ఎదురుచూసే ఆలుబిడ్డలెవరూ లేరు.

"రేపు నేనూ వత్తాను" అంది సింగారమ్మ. "దారంతా నడుత్తా నీకో మనిసి గురించి సెప్పాలి. ఇన్నా ఇనకపోయినా సెబుతాను. తొలికోడి కూసేసరికి లేచి ఉండు."